శీతము - శీనము: చలువను దాఁచిన చరిత్రము

శ్యైఙ్ అను ధాతువు వైయాకరణులకుఁ జిరపరిచితము. ధాతుపాఠమున దీనికి గమన మర్థముగాఁ జెప్పఁబడినది. నిష్ఠాప్రత్యయము పరమగునపుడు రెండర్థములయందు దీనికి సంప్రసారణము కలుగునని పాణిని యాఱవ యధ్యాయపు మొదటి పాదమున 24వ సూత్రముచే విధించెను. ఆ యర్థములలో నొకటి ద్రవము గట్టిపడుట; రెండవది స్పర్శము. ఎనిమిదవ యధ్యాయపు రెండవ పాదమందలి 47వ సూత్రము, స్పర్శము గాని యర్థమున, నిష్ఠయందలి తకారమునకు నకారమును విధించును. ఇట్లొక్క ధాతువునుండియే పేరిన నేతికి శీనమనియుఁ జల్లని నీటికి శీతమనియు రెండు రూపము లేర్పడినవి. కాశికావృత్తియందు మొదటిదానికి నేయి, క్రొవ్వు మొదలగునవి, రెండవదానికి గాలి, నీరు ఉదాహరణములుగా నీయఁబడినవి. మంచునకుఁ బేరైన అవశ్యాయ శబ్దమును, మన పడిశమునకు మూలమైన ప్రతిశ్యాయ శబ్దమును ఈ ధాతువునకుఁ బుట్టినవే.

పాఠశాలలలో ఈ సూత్రములను జెప్పునపుడు మనము రూపసిద్ధితోఁ దృప్తిపడి ముందునకు సాగుదుము. ద్రవము గట్టిపడుటకును చల్లఁదనమునకును ఒక్క ధాతువేల యమరెనని విద్యార్థి యడిగినచో, లోకప్రసిద్ధియే కారణమని చెప్పి యూరకుందుము. ఆ సమాధానము తప్పు గాదు. కాని యా లోకప్రసిద్ధి వెనుక నున్న సంగతి చిన్నది గాదు. భాషలో నిరుగుపొరుగులైన ఈ రెండర్థములకును బ్రకృతిలోఁ గల సంబంధమే నేఁటి భౌతికశాస్త్రమున నొక పెద్ద ప్రకరణము. రాత్రివేళ దొరకు విద్యుత్తుతో నీటిని గడ్డకట్టించి పగటిపూఁట భవనములను జల్లఁబఱచుటయు, టీకామందులను జెడకుండ మాఱుమూల పల్లెలకుఁ జేర్చుటయు, చేఁపలను బండ్లను దూరపు విపణులకుఁ బంపుటయు ఈ సంబంధముమీఁదనే నిలిచియున్నవి. ఇందులకు వాడు పదార్థములను నేఁటివారు ప్రావస్థాపరివర్తన ద్రవ్యములందురు. పేరు క్రొత్తది, పని ప్రాఁతది. ఆ పని మన దేశమున నడచిన తెన్నును జూపి, దానియందు శబ్దమునకెంత పాలు, కొలతకెంత పాలు, చేతిపనికెంత పాలు గలదో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట నొక సందేహమును దీర్చుకొనవలెను. చలువను దాఁచుట యనఁగా నేమి? ధాన్యమును గాదెలోఁ బోసినట్లు, నీటిని జెఱువులో నిలిపినట్లు చలువ యను వస్తువును దెచ్చి యొకచోట నిలుపుట కాదు. చలువ యనునది వేఁడి తక్కువగుటయే గాని ప్రత్యేకపదార్థము గాదని నేఁటి శాస్త్రనిర్ణయము. కాఁబట్టి మనము నిజముగా దాఁచునది వేఁడిని మ్రింగఁగల శక్తిని. నిండిన గాదెకంటె ఖాళీగాదె యిచ్చట విలువైనది: ఎంత చోటు ఖాళీగా నున్నదో అంత ధాన్యము పట్టును. మంచుగడ్డ యిట్టి ఖాళీగాదె.

ఆ గాదె యెంత పెద్దదో మొట్టమొదట గొలిచినవాఁడు స్కాట్లండు దేశపు గ్లాస్గో విశ్వవిద్యాలయమున నాచార్యుఁడైన జోసెఫ్ బ్లాక్. మంచు సున్న డిగ్రీలకు రాఁగానే యించుకంత వేఁడికే యంతయుఁ గరఁగిపోవునని యాతనికి ముందు పెక్కుర నమ్మకము. అట్లే యైనచో హిమవత్పర్వతములమీఁది మంచు వసంతము రాఁగానే యొక్కమాఱుగాఁ గరఁగి వరదలై దేశములను ముంచివేయవలసినది. అట్లు జరుగుట లేదు. వేసవి యంతయుఁ గొంచెము కొంచెముగనే కరఁగుచున్నది. ఈ విషయమును బట్టి బ్లాక్ 1761 ప్రాంతమునఁ బరీక్షలు చేసి, కరఁగుచున్న మంచు విశేషముగా వేఁడిని గ్రహించుచున్నను ఉష్ణమాపకము పైకి లేవదనియు, ఆ వేఁడి మంచును నీరుగా మార్చుటయందే వ్యయమగుచున్నదనియు 1762లో గ్లాస్గోనగరపు విద్వత్సభలోఁ దెలిపెను. కనఁబడక దాఁగియుండునది గావున దానికి గుప్తోష్ణమని మన పాఠ్యగ్రంథములలోఁ బేరు. నేఁటి కొలతలలోఁ జెప్పవలెనన్న, ఒక కిలోగ్రాము మంచు కరఁగుటకు 334 కిలోజౌళ్ల వేఁడి కావలెను. అదే నీటిని ఒక్క డిగ్రీ వేఁడిచేయుటకు సుమారు 4.2 కిలోజౌళ్లు చాలును. అనఁగా మంచు నీరగుటకుఁ బట్టు వేఁడి, ఆ నీటినే సున్ననుండి దాదాపు 80 డిగ్రీలవఱకుఁ గాఁచుటకుఁ బట్టు వేఁడితో సమానము. చల్లని నీళ్లకును మంచునకును నింతటి యంతరము గలదు. అంతేకాదు. నీరు వేఁడిని గ్రహించినకొలఁది తన చల్లఁదనమును గోల్పోవును. మంచు తుదిముక్క కరఁగువఱకును దన మట్టమును విడువదు. చలువను దాఁచుటకు శీనద్రవ్యమే తగినదగుటకు ఈ రెండు గుణములును గారణములు.

మన దర్శనకారులు ఈ ప్రశ్నను దాఁకలేదని తలఁపరాదు. వైశేషికసూత్రముల యైదవ యధ్యాయము రెండవ యాహ్నికమున కణాదుఁడు నీరు గట్టిపడుటకును గరఁగుటకును దేజస్సంయోగమే కారణమని చెప్పెను. రెండు విరుద్ధవ్యాపారములకు నొకే కారణమును జెప్పుట మొదట వింతగాఁ దోఁచును. కాని రెండును వేఁడితోడి వ్యవహారములే యను గుర్తింపు దానియందుఁ గలదు. ఆంధ్రుఁడని ప్రసిద్ధిగల అన్నంభట్టు తర్కసంగ్రహమున నీటికి శీతస్పర్శమునే లక్షణముగా నొనర్చెను. ఈ మతమున శీతము అభావము గాదు; జలమున సహజముగా నుండు గుణము. వేఁడినీళ్లయందలి వేఁడి యగ్నిది. చలువ మాత్రము నీటిదే. ద్రవత్వమును గూడ నైయాయికులు రెండుగా విభజించిరి. నీటియందలిది సాంసిద్ధికము, అనఁగా స్వభావసిద్ధము. నేతియందు, లక్కయందు నుండునది నైమిత్తికము, అగ్నిసంయోగముచేఁ గలుగునది. అట్లైన వడగండ్లు గట్టిగా నుండుటెట్లు? న్యాయసిద్ధాంతముక్తావళి యందు విశ్వనాథుఁడు ఆ చోట నీటి సహజద్రవత్వము అదృష్టవిశేషముచే నడ్డగింపఁబడినదనియు, కఠినమను ప్రతీతి భ్రాంతియనియు సమాధానము చెప్పెను.

ఈ సమాధానము నేఁడు నిలువదు. నీటికిని నేతికిని ఈ విషయమున జాతిభేదము లేదు; కరఁగు మట్టమున మాత్రమే భేదము. నీరు సున్న డిగ్రీలయొద్దఁ గరఁగును. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలయొద్దఁ గరఁగును. గంగాతీరమున నుండువానికి నీరు స్వభావముచే ద్రవము. ధ్రువప్రాంతవాసికి నది స్వభావముచే శిల. మన యింటిలో వైశాఖమున ద్రవమైన కొబ్బరినూనె పుష్యమున సీసాలోఁ బేరి బయటికి రాదు. స్వభావమని మనము చెప్పునది మన దేశపు వేఁడిమినిబట్టి యేర్పడినదే. ఇది యెఱిఁగినపిదప నైయాయికులను నిందింప నక్కఱలేదు. ప్రశ్నను బట్టుకొన్నవారు వారు. వారి యొద్దఁ గొలకఱ్ఱ లేదు. అయినను, సూత్రమున మాట యున్నది గావున గుప్తోష్ణము మనవారికిఁ దెలిసియే యుండెనని వాదించుటయు సరికాదు. వేఁడియే కారణమనుట యొకటి. ఎంత వేఁడి యని చెప్పుట మఱియొకటి. మొదటిది కణాదునిది, రెండవది బ్లాకుది. ఎవరి సొమ్ము వారి కిచ్చుటయే చరిత్రకారుని ధర్మము.

ఇఁక దాఁచిన చరిత్రము. మంచును గొట్లలో నిలువచేయుట యతిప్రాచీనము. క్రీస్తునకుఁ బూర్వము పదునెనిమిదవ శతాబ్దిలో యూఫ్రటీసు తీరపు మారి నగరము నేలిన జిమ్రీలిం అను రాజు తెర్కా యనుచోట మంచుకొట్టు గట్టించి, తనకు ముందే రాజును నట్టిది కట్టలేదని శాసనమున వ్రాయించెను. చీనావారి ప్రాచీనగీతసంపుటియందు హేమంతమున మంచును నఱికి కొట్లకుఁ జేర్చుట వర్ణితమైనది. మన దేశమున నిట్టిదానికి స్పష్టమైన సాక్ష్యము బాణుని హర్షచరిత్రమునఁ గలదు. ఐదవ యుచ్ఛ్వాసమున, జ్వరముచే మంచమెక్కిన ప్రభాకరవర్ధనుని ధవళగృహమును వర్ణించుచు, మంచుచేఁ జుట్టఁబడిన పాత్రములలో మజ్జిగ చల్లఁబఱుపఁబడుచుండెనని కవి చెప్పెను. స్థాణ్వీశ్వరమున మంచు పడదు. కావున ఏడవ శతాబ్ది యారంభమునకే పర్వతములనుండి మంచును దెచ్చి రాజగృహములలో వాడునాచార ముండెనని యూహింపవచ్చును. ఇది సమాసములు గుప్పించు కవి కల్పన గాదు. పానీయమును మంచులో వేయక, మంచును బాత్రముచుట్టును జేర్చుట కంటఁ జూచినవాఁడు చెప్పు సంగతి.

తరువాతి గొప్ప సాక్ష్యము అబుల్ ఫజల్ రచించిన అయినీ అక్బరీ. దానియందు పాదుషా వారి నీటిశాలను గూర్చిన ప్రకరణమున రెండు పద్ధతులు కలవు. మొదటిది పెట్లుప్పుతోఁ జల్లఁబఱచుట. దీనినే సురేకార మందురు. ఒక సేరు నీటిని లోహపుఁ గూజాలోఁ బోసి మూతి బిగించి, రెండున్నర సేర్ల పెట్లుప్పును ఐదు సేర్ల నీటిలోఁ గలిపి, యా మిశ్రమమునఁ గూజాను పావుగంటసేపు త్రిప్పినచో లోపలి నీరు చల్లనగునని కొలతలతోఁగూడ నిచ్చట వ్రాయఁబడినది. తుపాకిమందులో మంట పుట్టించు నుప్పు నీటిలోఁ జలువ పుట్టించుట యా గ్రంథకర్తకు వింతయైనది. కారణమిది: ఉప్పుపలుకు విడిపోయి నీటఁ గలియుటకు వేఁడి కావలెను, ఆ వేఁడిని జుట్టునున్న నీటినుండియే లాగికొనును. ఇది మంచు కరఁగుటకు దాయాదివంటి వ్యాపారము. మంచునకు లేని సౌకర్యము దీనికొకటి గలదు. మంచు గోతిలో నున్నను దినదినమును గొంత కరఁగిపోవును. పొడి పెట్లుప్పు ఎంతకాలము నిలువయున్నను తన శక్తిని గోల్పోదు. వాడిన నీటి నెండలో నింకించినచో ఉప్పు మరలఁ జేతికి వచ్చును. ఆ సూర్యుఁడే పెట్లుప్పునకుఁ జలువ నిచ్చు శక్తిని దిరిగి కలిగించుచున్నాఁడన్నమాట.

రెండవ పద్ధతి మంచే. పాదుషా కొలువు పంజాబునకు మాఱిన పిదప, అనఁగా 1586 ప్రాంతమునుండి, లాహోరునకు నలువదియైదు క్రోసుల దూరమున నున్న పన్హాన్ కొండసీమనుండి పడవలమీఁదను, బండ్లమీఁదను, మనుష్యుల భుజములమీఁదను మంచు వచ్చుచుండెను. రూపాయికి రెండు మూఁడు సేర్లు అమ్ముడుపోవుచుండెను. పడవమీఁద వచ్చినది యెక్కుడు లాభము, కూలివాని భుజముమీఁద వచ్చినది తక్కువ లాభము నిచ్చుచుండెనని గ్రంథకర్త లెక్క చెప్పుచున్నాఁడు. ప్రభువులు సంవత్సరము పొడుగునను, తక్కినవారు వేసవియందును మంచు వాడుచుండిరఁట.

ఈ రెండును రాజధానుల సంగతులు. ప్రయాగ పల్లపునేలలో నడచినది వీనికంటె నాశ్చర్యకరము. అచ్చట మంచు పడదు, చెఱువు గడ్డకట్టదు. అయినను నచ్చటి పనివారు ప్రతి శీతకాలమునను మంచును బండించుచుండిరి. బండించుట యనుమాట వ్యవసాయసామ్యముచేతనే వాడితిని. కుంపిణీవారి సేనాని సర్ రాబర్ట్ బార్కర్ తాను బ్రయాగ మొదలగు చోట్లఁ జూచినదానిని వ్రాయఁగా 1775లో లండను రాయల్ సొసైటీవారి పత్రికయందుఁ బ్రకటింపఁబడినది. బయలునేలపై ముప్పదియడుగుల చదరముగా రెండడుగుల లోఁతున మళ్లు త్రవ్వుదురు. అడుగున నెండిన చెఱకుపిప్పినో జొన్నజాతి దంట్లనో యించుమించు అడుగు మందమునఁ బఱతురు. దానిమీఁద మెఱుఁగు పూయని పలుచని మట్టిమూకుళ్లను వరుసగాఁ బేర్చి, మునిమాపువేళ కాఁచి చల్లార్చిన నీటిని బోయుదురు. తెల్లవాఱకముందే పనివారు వచ్చి మూకుళ్లలోఁ బేరిన మంచును గంపల కెత్తుదురు. పదునాలుగు పదునైదడుగుల లోఁతుగల గోతిలో, గడ్డియుఁ గంబళ్లును బఱచి, యా మంచును బోసి దిమ్మిసలతోఁ గ్రుమ్ముదురు. నిండిన పిదప గడ్డితోను గంబళ్లతోను మూఁత వేసి, పైన తాటాకువంటి కప్పు గట్టి, గాలి చొరకుండఁ జేయుదురు. ఎండకాలము వచ్చినపుడు ఆ గోతిని దెఱతురు.

బార్కరు వ్రాసిన సంగతులలో మిక్కిలి విలువైనది మఱొకటి. ఒంటికి గజగజ వడఁకించు చలిరాత్రులందు మంచు పట్టకపోవుటయు, అంత చలి తోఁపని నిర్మలమైన నిశ్చలరాత్రులందు మూకుళ్లు నిండఁ బేరుటయు నాతఁడు చూచెను. మేఘములు వచ్చినను, గాలి మాఱినను పంట పోవును. దీనికిఁ గారణమును 1814లో విలియం చార్లెస్ వెల్స్ తన తుషారవ్యాసమున వివరించెను. నిర్మలాకాశముక్రింద భూమిమీఁది వస్తువులు తమ వేఁడిని రాత్రియెల్ల నాకసమునకుఁ గిరణరూపమున విడుచును. మేఘము దుప్పటివలె నడ్డుపడును. గాలి తన వేఁడిని దెచ్చి మూకుళ్లకిచ్చును. నేలలోని వేఁడి పైకి రాకుండ నడ్డుకొనునది యడుగునఁ బఱచిన చెఱకుపిప్పి. మూకుటి చెమ్మ యాఱుటయుఁ గొంత తోడ్పడును. పనివారికి వెల్స్ సిద్ధాంతము తెలియదు. కాని యే రాత్రి మంచు పట్టునో, యే రాత్రి శ్రమ వ్యర్థమో తెలియును. పిప్పి యెందుకో తెలియును. చిన్నముక్కలు విడిగా నున్నఁ గరఁగిపోవుననియు, ఒక్కముద్దగాఁ గ్రుమ్మిన నిలుచుననియుఁ దెలియును.

ఈ తుదిమాటకు వ్యాకరణమునందొక తోడుమాట గలదు. హిమశబ్దముమీఁద ఆనుగాగమముతో ఙీష్ ప్రత్యయము మహత్త్వార్థమునఁ గలుగునని వార్తికము. దానిచే హిమాని యగును. అమరసింహుఁడు దీనికి హిమసమూహమని యర్థము చెప్పెను. వస్తువు ముద్ద పెద్దదైన కొలఁది దాని యుపరితలము లోపలి పరిమాణముతోఁ బోల్చినఁ జిన్నదగును. భుజము రెట్టింపైన ఘనము ఎనిమిది రెట్లు పెరుఁగును, పైతలము నాలుగు రెట్లే పెరుఁగును. వేఁడి పైతలముగుండనే లోనికిఁ బోవలెను గావున పెద్దముద్ద చిరకాలము నిలుచును. హిమము కరఁగిపోవును, హిమాని నిలుచును. వార్తికకారుఁడు ఈ గణితమును దలఁచి చెప్పినాఁడనుట గాదు. కాని ప్రయాగలోని పనివాఁడు దిమ్మిసతోఁ జేసినది హిమమును హిమానిగా మార్చుటయే.

ఈ వృత్తికిఁ జేటు పశ్చిమమునుండి వచ్చెను. అమెరికాలోని బోస్టను వర్తకుఁడు ఫ్రెడరిక్ ట్యూడర్ తన దేశపుఁ జెఱువులు శీతకాలమున గడ్డకట్టఁగా, ఆ గడ్డలను గోసి యుష్ణదేశములకు నమ్మఁబూనెను. 1806లో మార్టినీకు ద్వీపమునకుఁ బంపిన మొదటి సరకు నష్టమే తెచ్చెను. అతఁడు పట్టు విడువలేదు. నతానియెల్ వైత్ అనునతఁడు 1825లో గుఱ్ఱములు లాగు మంచుకోఁత నాఁగలిని గల్పించినపిదప, గడ్డలు సమచతురములుగా వచ్చి యెడములేక పేర్చుటకు వీలయ్యెను. చుట్టును గలపకోఁతలలోఁ బాఱవేయు రంపపుఁ బొట్టును గూరిరి. 1833 మే 12వ తేదీన టస్కనీ యను నోడ 180 టన్నుల మంచుతో బోస్టను విడిచి, భూమధ్యరేఖను రెండుమాఱులు దాఁటి, నాలుగు నెలలకు సెప్టెంబరులోఁ గలకత్తా చేరెను. అప్పటికి దాదాపు నూఱు టన్నులు మిగిలెను. గవర్నరు జనరలు విలియం బెంటింకు ఆ వ్యాపారప్రతినిధియైన రోజర్సునకుఁ బాత్ర బహూకరించెను. కలకత్తా పౌరులు చందాలతో మంచుకొట్టు గట్టించిరి. హుగ్లీప్రాంతమున మూకుళ్లలోఁ దీయు పలుచని మంచు ఈ స్ఫటికమువంటి గడ్డల యెదుట నిలువలేకపోయెను.

మనవారికి ఈ కథ దూరమైనది గాదు. చెన్నపట్టణమున సముద్రతీరమందు 1842లో ట్యూడరు వర్తకమునకై గుండ్రనిమేడ యొకటి మంచుకొట్టుగా వెలసెను. చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడిన 1853వ సంవత్సరమునకును, బ్రౌను నిఘంటువు వెలువడిన 1852వ సంవత్సరమునకును ఆ కొట్టు మాసచూసెట్సు చెఱువుల మంచుతో నిండి నడచుచుండినదే. తెనుఁగు వ్యాకరణమునకును నిఘంటువునకును మెఱుఁగు పెట్టుచున్న పట్టణమున, ఆ మెఱుఁగు వంటి గడ్డలే యోడలనుండి దిగుచుండెను. 1874లో చెన్నపట్టణమున ఆవిరియంత్రముతో మంచుచేయు సంస్థ వెలసెను. 1878లో వంగదేశమున నట్టిది కలిగెను. నాఁటితో నోడమంచు వర్తకము క్షీణించెను. ఆ మేడను న్యాయవాది బిళిగిరి అయ్యంగారు కొనెను. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానందులు అందు దిగిరి. నేఁడది వారిపేరనే ప్రదర్శనశాలగా నున్నది. అయినను ఆ పేటకు జనులు నేఁటికిని ఐస్‌హౌస్ అనియే యందురు. వస్తువు పోయినను శబ్దము నిలుచుట కిదియొక నిదర్శనము.

తెనుఁగున మంచు అను శబ్దమును ఇచ్చట విచారింపవలెను. అరవమునందును మంజు శబ్దము మేఘమునకును బొగమంచునకును బ్రసిద్ధము. మనకు మంచు అనఁగా రాలు తుషారము, కమ్ము నీహారము, గడ్డకట్టిన నీరు - అన్నియు నొక్కటే. సంస్కృతమున హిమ, తుహిన, తుషార, నీహార, ప్రాలేయాదులు వేర్వేఱుగా నుండఁగా మనకొక్కటే చాలుటకు, గడ్డమంచు మన నేలమీఁద లేకుండుటయే కారణము. ఓడమంచు వచ్చినపిదప గడ్డయను మాటను జేర్చి మంచుగడ్డ యంటిమి. ఐసు అను పరభాషాశబ్దమును గూడఁ గైకొంటిమి. కాని కరఁగుట, పేరుట యను క్రియలు మనకు వంటయింటినుండియే యున్నవి. వెన్న కరఁగును, నేయి పేరును. శీనశబ్దమునకు పేరిన యనుదానికన్న మంచి తెనుఁగు లేదు.

యంత్రములు వచ్చినపిదప మంచు దాఁచవలసిన యక్కఱ తీఱెనని కొంతకాలము తోఁచెను. వస్తుతః తీఱలేదు. శీతలయంత్రముల శక్తిని నేఁటికిని టన్నులలోఁ జెప్పుట యందఱెఱిఁగినదే. ఒకటిన్నర టన్ను యంత్రమనఁగా యంత్రపు బరువని కొందఱు తలఁతురు. అది బరువు గాదు. రెండువేల పౌనుల, అనఁగా సుమారు 907 కిలోగ్రాముల మంచు ఇరువదినాలుగు గంటలలోఁ గరఁగినచో నెంత వేఁడిని గ్రహించునో, అంత గ్రహించు యంత్రము ఒక టన్నుది. ఇది యించుమించు మూఁడున్నర కిలోవాట్లు. మంచుకొట్లు పోయినను వాని కొలమానము మన గోడలకు వ్రేలాడుచున్నది.

మంచునకొక లోపము గలదు. అది సున్న డిగ్రీలయొద్దనే పనిచేయును. అంతకంటెఁ దక్కువగాని యెక్కువగాని కావలసినచో వేఱు ద్రవ్యమును వెదకవలెను. మంచులో నుప్పు కలిపిన మఱింత చల్లనగునని కుల్ఫీ యమ్మువారందఱెఱుఁగుదురు. నూటికి సుమారు ఇరువదిమూఁడు పాళ్లు ఉప్పుగల యుప్పునీరు సున్నకు 21 డిగ్రీలు దిగువను గరఁగును. ఏ పాళ్లలోఁ గలిపినను నంతకన్నఁ దక్కువకు రాదు. ఇట్టి మిశ్రమములకు ఫ్రెడరిక్ గత్రీ 1884లో యూటెక్టిక్ అను పేరు పెట్టెను. గ్రీకుభాషలో సులభముగాఁ గరఁగునది యని దాని యర్థము, మనము సుఖవిలేయమనవచ్చును. ఎక్కువ మట్టముల కొఱకు లవణస్ఫటికములను, మైనపుజాతి ద్రవ్యములను బరీక్షించిరి. గ్లాబరు లవణము 32 డిగ్రీలయొద్దఁ గరఁగును. 1948లో మరియా టెల్కెస్ అను విదుషి అమెరికాలోని డోవరు గ్రామమున సూర్యుని వేఁడిని ఈ లవణమునందు దాఁచి యింటిని వెచ్చఁబఱచు నేర్పాటు చేసెను. పలుమాఱులు కరఁగి పేరుటచే లవణము పొరలుగా విడిపోయి, కొన్ని శీతకాలములకే యా యేర్పాటు చెడెను. మఱియొక చిక్కు, ద్రవము కరఁగుమట్టమునకు దిగువకుఁ జల్లఁబడినను గట్టిపడకుండుట. దానికి వెలిగారము కొంచెము కలిపినచో, ఆ పలుకులను బట్టుకొని లవణము పేరుట కారంభించునని ఆమెయే కనిపెట్టెను. పాలకుఁ దోడువంటిది వెలిగార మిచ్చట. ఇట్టి లవణములకే వేఱు లవణములను జేర్చి కరఁగుమట్టమును దించి, చలువను దాఁచుటకును వాడుదురు.

ఈ విచారము పండితుల వినోదమునకు మాత్రమే కాదనుటకు నొక్క యుదాహరణము చాలును. శిశువులకిచ్చు టీకామందులలోఁ బెక్కింటిని 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుంచవలెను. వేఁడి తగిలినఁ జెడును. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములకిచ్చు మందు, ఒకవిధమగు కామెర్లకిచ్చు మందు మొదలగునవి గడ్డకట్టినను జెడును. కావున మంచే రక్షయు మంచే భక్షయు నగును. అప్పుడే పెట్టెనుండి తీసిన గడ్డ సున్నకుఁ జాల దిగువ నుండును. దాని ప్రక్కన నున్న మందు పేరి పనికిరాకపోవచ్చును. పేరి మరలఁ గరఁగిన మందు చూపునకు మంచిదిగనే యుండవచ్చును. ఆ సూది వేయించుకొన్న శిశువునకు రక్ష యుండదు. అందుచే గడ్డ చెమర్చి, లోపల నీరు కదలు దాఁక నిలిపి వాడుట నియమము. సుమారు 6 డిగ్రీలయొద్దఁ గరఁగు టెట్రాడెకేను వంటి ద్రవ్యములను వాడినచో నీ భయము లేదు. అవి యా రెంటి నడుమనే పేరి, యా రెంటి నడుమనే కరఁగును. విద్యుత్తు నిలువని పల్లెలలో, సూర్యకాంతి ఫలకములతోఁ బగలు మంచును బేర్చి, రాత్రి యా మంచుతోనే మందును గాపాడు పెట్టెలు నేఁడు గలవు. వానికి విద్యుత్తును దాఁచు ఘటములు లేవు, మంచే ఘటము. ప్రయాగవారు రాత్రి చలువను ఎండకాలమునకు దాఁచిరి. వీరు పగటి యెండను చలువగా మార్చి రాత్రికి దాఁచుచున్నారు. క్రమము మాఱినది, ఉపాయము మాఱలేదు.

ఈ చరిత్రమును బరిశీలించినచో రెండు వాదములును నిలువవని తేలును. మంచు మన దేశమునకుఁ బాశ్చాత్యులు తెచ్చినదను వాదము బాణుని మజ్జిగపాత్రముచేతను, ప్రయాగ మూకుళ్లచేతను ఖండితము. సర్వమును మన శాస్త్రములందే యున్నదను వాదము వడగండ్ల కాఠిన్యము భ్రాంతి యనుటచేతనే ఖండితము. శబ్దము శీతమును శీనమును నొకచోటఁ జేర్చి త్రోవ చూపినది. కొలత ఆ త్రోవ యెంత దూరమో చెప్పినది. చేతిపని యీ రెంటికొఱకును వేచియుండక నడచిపోయినది. బార్కరు పేరు పత్రికలో నిలిచినది. ట్యూడరు పేరు వర్తకచరిత్రమున నిలిచినది. చీఁకటితో లేచి, వ్రేళ్లు కొంకర్లు పోవ మూకుళ్లనుండి మంచు నెత్తినవారి పేరొక్కటియు నే గ్రంథమునను గానరాదు. ఆఱవ యధ్యాయమునందలి ఆ 24వ సూత్రమును బాఠము చెప్పునపుడు శీనశబ్దమునకు నేతితోఁబాటు ఆ మూకుటిమంచును గూడ నుదాహరణముగాఁ జెప్పుట ఉపాధ్యాయులకు భారము గాదు. సూత్రమునకు లక్ష్యము పెరుఁగును. విద్యార్థికి లోకము కనఁబడును.